ఆషాఢంలో ఓరియంటేషన్

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. ఎమ్మే సైకాలజీ పూర్తయి ఏడాది తిరగలేదు, ఒంటి మీద కాటన్ చీర కొత్తది, చేతిలో డిగ్రీ కొత్తది. మనిషి ఎదురుపడితే చాలు, వాడి అహం ఎక్కడ మొదలై అచేతనం ఎక్కడ ముగుస్తుందో లోలోపల గీతలు గీసేసేదాన్ని. సెవెన్ సీటర్ ఆటోలో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయే ముసలాయనది ఏ తరహా వ్యక్తిత్వమో, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఎక్కి నాచారం చౌరస్తాలో దిగేలోపు తేల్చిపారేసేదాన్ని. (ఆ ఆటోలో ఏడుగురికి బదులు ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్ళు కాబట్టి పరిశోధనకు మనుషుల కొరత లేదు.) ఇన్నేళ్ళ అనుభవం తర్వాత ఇప్పుడు, మా ఇంటాయన టీ వద్దంటే నిజంగా వద్దంటున్నాడో అలిగాడో కూడా నాకు తేలదు. ఆ రోజుల్లో అయితే చటుక్కున తేలిపోయేది.

నాచారంలో ఒక మందుల కంపెనీ ప్రహరీకీ వెల్డింగు షాపుల వరుసకీ నడుమ మూడంతస్తుల భవనంలో ఉండేది మా డిగ్రీ కాలేజీ. కిటికీ తెరిస్తే మాత్రల వాసన, మూస్తే ఉక్క. దాని యజమానీ కరస్పాండెంటూ ఒక్కరే. ఏం అడిగినా 'ఫికర్ జేయకుండ్రి మేడం' అనేవారు కనుక మేమంతా ఆయనకు ఫికర్ సార్ అని పేరు పెట్టుకున్నాం. (ఆయన ఫికర్ చేయొద్దన్నారంటే ఇక మనం దిగులు మొదలుపెట్టాలని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు.) ఆ ఏడాది ఆయనకెవరో చెప్పారట, బీఏలో సైకాలజీ పెడితే పిల్లలు ఎగబడి చేరతారని. పెట్టారు, నన్ను తీసుకున్నారు. పిల్లలూ చేరారు. చేరినవాళ్ళు చేరినట్టే ఒకరి వెనక ఒకరు బీకాం కంప్యూటర్స్‌లోకి దాటుకోవడం మొదలుపెట్టారు. కారణమేమిటయ్యా అంటే, 'సైకాలజీ చదివితే పిచ్చిలేస్తదంట మేడం, మా పెద్దమ్మ చెప్పింది' అన్నాడొకడు. ఇంకొకడి బాధ వేరు, వాళ్ళ బస్తీలో వాణ్ణి అప్పుడే సైకో అని పిలుస్తున్నారట.

ఫికర్ సార్ నన్ను గదికి పిలిపించారు. "మేడం, పోరగాండ్లు ఆగుతలేరు. సైకాలజీ అంటే ఏందో వాళ్ళకు సమజైతలేదు. మీరొక ఓరియంటేషన్ కోర్సు తయారు జేయుండ్రి. ఐదు రోజులు. మస్తుండాలె. ఆఖరు రోజు నేనే వచ్చి క్లాసుల ఎంతమందున్నరో సూస్త. పదిహేను మందన్న లేకుంటే సెక్షన్ ఎత్తేసి అందర్ని బీకాంల కలిపేస్తం."

"మరి నేను, సార్?"

"మీరేం ఫికర్ జేయకుండ్రి."

వెంటనే ఫికర్ మొదలుపెట్టాను. ఆ ఉద్యోగం పోతే నాకు బ్యాంకు పరీక్షల కోచింగ్ సిద్ధంగా ఉంది. మా నాన్న గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఉప్పల్ దగ్గరి ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో స్థిరపడ్డ మనిషి. రాళ్ళను కొలవడం ఆయన ఉద్యోగం. నేను సైకాలజీ తీసుకున్ననాటి నుంచీ ఆయనది ఒకటే మాట. "కొలవలేనిదాన్ని సైన్సు అనకమ్మాయ్, వినేవాళ్ళు నవ్వుతారు." సెక్షన్ ఎత్తేశారని ఇంటికెళ్ళి చెప్పడమంటే ఆయన చేతికి మైకిచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టడమే. అందుకని పంతం పట్టాను. ఆ ఐదు రోజుల కోర్సు చూసి పిల్లలు ముగ్ధులైపోవాలి, ఫికర్ సార్ నోరు వెళ్ళబెట్టాలి, మా నాన్న పేపరు పక్కన పెట్టి 'ఏదీ, మళ్ళీ చెప్పు' అనాలి.

కూర్చుని కోర్సు తయారుచేశాను. మొదటి రోజు పరిచయం. రెండో రోజు మెదడు, దాని గదులూ. మూడో రోజు నాకు ప్రాణప్రదమైన పాఠం. బోర్డు మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క 'సైకాలజీ అంటే ఇది', రెండో పక్క 'ఇది కాదు' అని రాయాలి. కాదు అన్న పక్కన చిలక జోస్యం, చెయ్యి చూడటం, దిష్టి, పూనకం. (పూనకం కింద రెండు గీతలు కూడా గీశాను. ఎందుకంత కక్షో నాకే తెలియదు.) నాలుగో రోజు జ్ఞాపకశక్తి మీద చిన్న ప్రయోగాలు. ఐదో రోజు, ఆఖర్న, అందరినీ కట్టిపడేసే అంశం, ఒళ్ళు సడలించి మనసు తేలిక చేసుకునే సాధన. గది చీకటి చేయాలి, నెమ్మదిగా మాట్లాడాలి, వీలైతే మంచి పరిమళం ఉండాలి అని పుస్తకంలో ఉంది. పరిమళానికి అగరొత్తుల కట్ట కొన్నాను. ఫికర్ సార్ అంతా చూసి, "ఇండ్ల హిప్నాటిజం లేదా? ఒక పోరన్ని నిద్రవుచ్చి కోడి లెక్క కూయిస్తే అందరు ఆగుతరు గద" అని ఒక సూచన ఇచ్చారు. సైకాలజీ శాస్త్రమనీ, గారడీ కాదనీ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విని, ఫికర్ చేయొద్దన్నారు.

ముహూర్తం కూడా నేనే పెట్టుకున్నాను. మా వంటింట్లో వేలాడే క్యాలెండరు చూశాను. ఆషాఢం. శూన్యమాసం. మా వాళ్ళ లెక్కలో ఆ నెల పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, ఏ శుభకార్యమూ ఉండదు. ఇంకేం, పిల్లలు మానడానికి కారణమే లేదు! బుధవారం మొదలుపెడితే మధ్యలో ఆదివారం వదిలేసి సోమవారానికి ముగుస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉప్పల్‌లో ఉంటూ ఈ లెక్క వేసిన దాన్ని నేను. నాన్న ఆఫీసు క్వార్టర్స్ గేటు అవతల నుంచి ఏటా ఆషాఢంలోనే బోనాల డప్పులు వినేదాన్నే, గోడెక్కి చూసేదాన్నే. కానీ అది వాళ్ళ పండగ. వంటింటి క్యాలెండరు మాది.

మొదటి నాలుగు రోజులూ గడిచాయి. బాగా గడిచాయని అనలేను. మెదడు గదుల దగ్గర సగం క్లాసు తూగింది. రెండు వరసల బోర్డు చూసి ఒకడు, "మేడం, పూనకం అబద్ధమా? మరి మా అత్తమ్మకు ఏటా వస్తది" అన్నాడు. అది మనసు మీద సమూహ ప్రభావమని చెప్పాను. "గట్లనా. మా అత్తమ్మకు చెప్పమంటరా?" అన్నాడు. చెప్పొద్దన్నాను. ఆ క్లాసులో నా మాట నోటితో విన్నట్టు వినే పిల్ల ఒకతె ఉండేది. నోరు తెరుచుకునే ఉండేది మరి, ఎందుకంటే ఎప్పుడూ ఆవులిస్తూ ఉండేది. చర్లపల్లి నుంచి బస్సు పట్టుకుని వచ్చేది. నేను మనసులో ఆవులింతల పిల్ల అనుకునేదాన్ని. శనివారం క్లాసయ్యాక నా వెనకే మెట్లు దిగుతూ వచ్చింది.

"మేడం, సెక్షన్ బందయితదంట, నిజమేనా?"

"సోమవారం అందరూ వస్తే కాదు."

"బీకాంల ఏస్తే నాతోని కాదు మేడం. లెక్కలంటే నాకు పాణం పోతది. ఫెయిలయితె మా నాయన చదువు బందు వెట్టిస్తడు. మా అక్క లెక్కనే మందుల కంపెనీల డబ్బాలు ప్యాకింగ్ చేయవోవాలె." అని ఆగి, "సోమవారం ఎందుకు వెట్టిన్రు మేడం?" అంది.

"ఏం, సోమవారానికేమైంది?"

ఆ పిల్ల నా మొహం వంక కాసేపు చూసింది. ఏదో అనబోయి మానేసి, "నేనైతే వస్త మేడం" అని బస్సుకు పరిగెత్తింది. నేను ఆ చూపుని 'ఉపాధ్యాయుల పట్ల ఆరాధన' అన్న తరగతిలో వేసి ఇంటికెళ్ళాను.

సోమవారం పొద్దున ఆటోలో పదిమందికి బదులు ఇద్దరమే ఉన్నాం. అప్పుడైనా అనుమానం రావద్దూ? హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. దారి పొడవునా వేపమండలు, పసుపు నీళ్ళు, ఎక్కడో డప్పులు. నాచారం చౌరస్తాలో షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. కాలేజీ గేటు దగ్గర మా అటెండరు, గంట కొట్టేది ఆయనే కనుక గంటన్న, కళ్ళు ఎర్రగా చేసుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవ్వరు రాలే మేడమ్మా. నిన్న బోనాలాయె. రాత్రంత జాగారమాయె. ఇయ్యాల ఎవలొస్తరు? నేను గూడ పెద్దసారు వస్తనన్నడని వచ్చిన" అన్నాడు. "గీ దినం క్లాసు వెట్టుడేంది మేడమ్మా, మీకెవ్వలు చెప్పలేదా?"

ఎవరు చెప్తారు? నాకు తెలియని విషయం ఉంటుందని ఎవరనుకుంటారు? మెట్లెక్కి వెళ్ళాను. క్లాసులో ఆరుగురున్నారు. పదిహేను మంది కావలసిన చోట ఆరుగురు! ముందు బెంచీలో ఆవులింతల పిల్ల. నిన్న బోనమెత్తిందట. పాదాలకు పసుపు, నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ. తలంటుకున్న జుట్టు అల్లుకోవడానికి టైము లేక విరబోసుకునే వచ్చేసింది. కళ్ళు మాత్రం మూతలు పడిపోతున్నాయి. మాటిచ్చింది కదా, వచ్చింది పాపం. ఆ పిల్లను చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఈ క్యాలెండరు తెలివికి నేను బ్యాంకు కోచింగుకి పోతే పోనీ, ఇదెందుకు డబ్బాల ప్యాకింగ్‌కి పోవాలి?

అయినా కోర్సు కోర్సే. కిటికీలు మూశాను. గది చీకటైంది, దాంతో పాటు ఉడికిపోవడం కూడా మొదలైంది. (ఆ గది ఫ్యాను తిరగడం మానేసి నెల దాటింది. అడిగినప్పుడల్లా ఫికర్ చేయొద్దన్నారు.) బల్ల మీద అగరొత్తులు వెలిగించాను. "కళ్ళు మూసుకోండి. పాదాలు బరువెక్కుతున్నాయి. చేతులు బరువెక్కుతున్నాయి. ఒళ్ళంతా తేలికవుతోంది" అని, పుస్తకంలో చెప్పినట్టే గొంతు తగ్గించి సాగదీస్తూ మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మీద అమ్మవారి నైవేద్యాలతో ఫలహారం బండి ఊరేగింపు వచ్చింది. డప్పులు దద్దరిల్లుతున్నాయి. నేను ఆపలేదు. డప్పులను మించి వినపడేలా ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త సాగదీశాను. ఆవులింతల పిల్ల తల ముందుకు తూలింది, పక్కకు తూలింది, జుట్టంతా మొహం మీద పడింది. తల గుండ్రంగా తిరగడం మొదలైంది. నిద్రలో తూగుతోంది అనుకున్నాను. కానీ ఆ తూగు సరిగ్గా డప్పుకు పడుతోంది.

ఫికర్ సార్ వస్తున్నారని చెప్పడానికి గంటన్న అప్పుడే తలుపు తీశాడు. గంటన్న కళ్ళతో ఒకసారి చూడండి. చీకటి గది. అగరొత్తుల పొగ. డప్పులు. పసుపు పాదాలతో, విరబోసుకున్న జుట్టుతో తలాడిస్తున్న పిల్ల. ఎదురుగా చేతులు చాచి ఏదో మంత్రం చదువుతున్న నేను.

"అమ్మొచ్చింది! అమ్మొచ్చింది సారూ!" అని పొలికేక పెట్టి గంటన్న కిందికి దూకినంత పని చేశాడు. నిమిషంలో గేటు పక్కనున్న వేపచెట్టు కొమ్మతో సహా తిరిగొచ్చాడు. ఆయన వెనకే ఫికర్ సార్, బూట్లు గడప బయట విడిచి, చేతులు జోడించుకుని.

"సార్, ఇది రిలాక్సేషన్ అండీ, శాస్త్రీయంగా..." అన్నాను.

"మేడం, జర సప్పుడు జేయకుండ్రి. అమ్మ మాట్లాడుతది."

మిగతా ఐదుగురూ అప్పటికే బెంచీలు దిగి నేల మీద కూర్చున్నారు. అందులో అత్తమ్మ వాడొకడు. నా వైపు చూసిన ఆ చూపులో, 'మూడో రోజేం చెప్పిన్రు?' అన్న ప్రశ్న స్పష్టంగా ఉంది. గంటన్న వేపమండతో విసురుతున్నాడు. ఫికర్ సార్ వంగి, నాతో ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా, "తల్లీ, ఏమన్న తప్పు జరిగిందా?" అని అడిగారు.

తల తిరగడం ఆగింది. జుట్టు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. ఆ పిల్ల గొంతే, కానీ లోపలెక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. "నాకు సంతోషం లేదు బాలకా."

"ఎందుకు తల్లీ?"

"నా ఇంటికి తాళమేస్తనంటున్నవు. నా బిడ్డలను ఎల్లగొడ్తనంటున్నవు."

"ఏ ఇల్లు తల్లీ?"

"గీ ఇల్లే. నువ్వు నిలవడ్డ గీ అర్రనే."

ఫికర్ సార్ చెంపలు వేసుకున్నారు. "తప్పయింది తల్లీ. సెక్షన్ ఎత్తెయ్య. నా పాణమున్నంత దాంక ఎత్తెయ్య. ఇంకేమన్న లోటా?"

తల ఒకసారి పక్కకు ఒరిగి, మళ్ళీ లేచింది. తర్వాత వచ్చింది, ఈసారి కాస్త స్పష్టంగా. "ఉడ్కవోస్తుంది బాలకా. పంకా తిరుగుతలేదు."

"ఇయ్యాలనే జేపిస్త తల్లీ!" అన్నారు ఫికర్ సార్. నెల నుంచి నేను అడుగుతున్నది అదే ఫ్యాను. తర్వాత ఆయన గొంతు ఇంకా తగ్గించారు. ఉప్పల్ మున్సిపాలిటీ అప్పుడే మహానగరంలో కలిసింది, రాబోయే కార్పొరేటర్ ఎన్నికల మీద ఆయనకు ఆశ. "తల్లీ, గా టికెట్ సంగతి..." అన్నారు. "మాట తప్పకుంటే వస్తది బాలకా" అని తల బెంచీ మీదికి వాలిపోయింది. చిన్నగా గురక కూడా వినిపించిందని ఇప్పటికీ నా నమ్మకం. గంటన్న నీళ్ళు చల్లాడు. పిల్ల కళ్ళు తెరిచి, అందరి మొహాలూ చూసి, "ఏమైంది మేడం, క్లాసయిపోయిందా?" అంది.

మధ్యాహ్నం రెండింటికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఫికర్ సార్ ఎందరున్నారో చూడనేలేదు. అమ్మ వచ్చాక తలలు లెక్కపెట్టే మనిషి కాదాయన. వారం తిరిగేసరికి బీకాంలోకి దాటిన పిల్లలు తల్లుల చేతులు పట్టుకుని తిరిగొచ్చారు. 'గా సెక్షన్ల అమ్మున్నదంట' అన్న మాట నాచారం నుంచి మల్లాపూర్ దాకా పాకింది. స్టాఫ్‌రూము ముందు ఒకావిడ నన్ను పట్టుకుని, కోడలు రెండేళ్ళుగా మాట్లాడటం లేదనీ, మా క్లాసులో ఒక పూట కూర్చోబెడితే అమ్మ చేత మాట్లాడించగలనా అనీ అడిగింది. ఫికర్ సార్ నా కోర్సును ఆకాశానికెత్తారు. ఏటా ఇదే కోర్సు, ఐదో రోజు ఇదే పద్ధతి, బోనాల మర్నాడే జరగాలని ఆజ్ఞ వేశారు. గది గుమ్మానికి గంటన్న ఏటా వేపమండలు కట్టేవాడు. వాటి కింద నుంచి తలవంచుకుని లోపలికెళ్ళి, సైకాలజీ శాస్త్రమని నేను పాఠం మొదలుపెట్టేదాన్ని. ఎన్నికలొచ్చాయి. ఆయనకు టికెట్ వచ్చింది, ఓడిపోయారు. 'అమ్మ టికెట్ ముచ్చటనే చెప్పింది మేడం. గెలుసుడు సంగతి నేనే అడగలే' అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు.

అమ్మొచ్చిన ఆ సోమవారం రాత్రి భోజనాల దగ్గర నాన్నతో అంతా చెప్పాను. పేపరు నిజంగానే పక్కన పెట్టి విన్నారు. నవ్వుతారని చూశాను. నవ్వలేదు. "కిటికీలు మూశావు, అగరొత్తులు, డప్పులు, నిద్రలేని పిల్ల. సరే. మళ్ళీ ఇవే ఏర్పాట్లు చేస్తే ఇదే ఫలితం వస్తుందా?" అన్నారు. ఏమో అన్నాను. "అయితే సైన్సు కాదు" అని అన్నం కలుపుకుని, రెండు ముద్దలయ్యాక, "ఆ పిల్ల మాత్రం పైకొస్తుంది" అన్నారు. బ్యాంకు కోచింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ పిల్లని మర్నాడే నిలదీశాను. "నిజం చెప్పు. నిద్రా, నటనా, ఏమిటది?" "నాకేం యాదికి లేదు మేడం" అంది, రెప్ప వేయకుండా. మూడేళ్ళూ ఎప్పుడడిగినా అదే సమాధానం. ఆవులింతలు కూడా తగ్గలేదు. తర్వాత పీజీకి వెళ్ళింది, నేను వేరే కాలేజీకి మారాను.

తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలంలో ఫోను చేసింది. అదే కాలేజీలో సైకాలజీ చెప్తోందట, కొత్త పిల్లలకు ఓరియంటేషన్ పెట్టింది, ముఖ్య అతిథిగా రావాలంది. ఉప్పల్ రోడ్డు నిండా మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, ఆటోకి గంట పట్టింది. కాలేజీ గేటు దగ్గర స్టూలు మీద వేరే ఎవరో ఉన్నారు. అదే గది, పిల్లలతో కిక్కిరిసి ఉంది. బోర్డు మీద నిలువుగా గీతలు. నా పాఠమే! కానీ నేను ఒక గీత గీస్తే ఆ పిల్ల రెండు గీసింది. ఇది, ఇది కాదు, మూడోది 'ఇంకా తెలియదు'. పూనకం ఆ మూడో గడిలో ఉంది. దాని కింద గీతలేమీ లేవు.

క్లాసయ్యాక టీ తాగుతూ, "ఇప్పుడు నువ్వూ టీచరువే, నేనూ టీచరునే. ఇప్పుడన్నా చెప్పవే తల్లీ. ఆ రోజు ఏమిటది?" అన్నాను.

ఆవులించి, నవ్వి, "పంకా అడిగింది నేనే మేడం. మస్తు ఉడ్కవోసింది, మెలకువొచ్చింది. సారు చేతులు జోడించుకొని నిలవడ్డడు, అడుగుతున్నడు కదా అని అడిగిన. టికెట్ ముచ్చట గూడ నేనే" అంది.

"మరి సెక్షన్? తాళం, బిడ్డలు, ఆ మాటలు?"

నవ్వు ఆగింది. కప్పు కింద పెట్టింది. "గవి నేనన్ననా మేడం?" అంది. "మీరందరు చెప్తేనే నాకు ఎర్క. నిజంగ యాదికి లేదు."

ఆ మొహంలోకి చూశాను. ఒకప్పుడైతే చౌరస్తా వచ్చేలోపు తేల్చేసేదాన్ని. బోర్డు ముందు నిలబడి, సుద్దముక్క విరిగేలా పూనకం కింద రెండు గీతలు గీసిన ఆ కాటన్ చీర పిల్ల గుర్తొచ్చింది. ఎంత ధైర్యం దానికి! ఆ ధైర్యం మీద కాస్త బెంగ కూడా కలిగింది. పైన అదే ఫ్యాను, కిర్రుకిర్రుమంటూ ఇంకా తిరుగుతోంది. "ఏందీ మేడం, నవ్వుతున్నరు?" అంది ఆ పిల్ల. ఏమీ లేదని టీ పూర్తిచేశాను.